ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ద్వారా ఇల్లు అద్దెకివ్వడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈస్ట్ హామ్ నుంచి మిల్టన్ కీన్స్ దాకా మనవాళ్లలో రెండో ఇల్లు కొన్నవాళ్లు, ఉన్న ఇల్లు అక్కడే ఉంచి ఇండియా వెళ్లిపోయినవాళ్లు చాలామందే ఉన్నారు. "కౌన్సిల్‌కి ఇచ్చేస్తే టెన్షన్ ఉండదట కదా" అని మొదలయ్యే ప్రశ్నలు ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ తిరుగుతుంటాయి. కౌన్సిల్ అంటే ఆ ప్రాంతపు స్థానిక ప్రభుత్వం. అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయని ఇక్కడ ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. ఇదంతా ఇంగ్లండ్ సంగతి.

## ఇవ్వాలా వద్దా అనుకుంటున్నప్పుడు

కౌన్సిల్‌కి ఇల్లు ఇవ్వడం అంటే అసలేంటి? ఇల్లు వాళ్ల చేతిలోకి పోతుందా?

పోదు. ఇల్లు మీ పేరు మీదే ఉంటుంది. కాకపోతే "కౌన్సిల్ స్కీమ్" అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు ఏర్పాట్లు నడుస్తున్నాయి. మొదటిది లీజింగ్. కౌన్సిలే మీ దగ్గర ఇల్లు మూడేళ్లకో ఐదేళ్లకో లీజుకు తీసుకుంటుంది, అద్దె అదే ఇస్తుంది, లోపల ఎవరిని ఉంచాలో అదే చూసుకుంటుంది. కొన్నిచోట్ల కౌన్సిల్ తరఫున హౌసింగ్ అసోసియేషన్ (లాభాపేక్ష లేకుండా ఇళ్లు అద్దెకిచ్చే సంస్థ) తీసుకుంటుంది. రెండోది డైరెక్ట్ లెట్. కౌన్సిల్ కుటుంబాన్ని చూపిస్తుంది, మిమ్మల్ని ఒప్పించడానికి ఒకసారి కొంత ప్రోత్సాహక డబ్బు కూడా ఇవ్వొచ్చు. కానీ అగ్రిమెంట్ మీకూ ఆ కుటుంబానికీ మధ్యే. ఓనర్ మీరే, తలనొప్పి కూడా మీదే. ఆఫీసర్‌తో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మొదట అడగాల్సింది ఒక్కటే: "అగ్రిమెంట్‌లో టెనెంట్‌గా ఎవరి పేరు ఉంటుంది?" కౌన్సిల్ పేరా, కుటుంబం పేరా తేలితే మిగతా సగం సందేహాలు వాటంతటవే తేలిపోతాయి.

కౌన్సిల్‌కి సొంత ఇళ్లు ఉంటాయి కదా, మన ఇంటితో ఏం పని?

ఒకప్పుడు బాగానే ఉండేవి. 1980 హౌసింగ్ చట్టంతో అందులో ఉన్న టెనెంట్లకే తగ్గింపు ధరకు అమ్మడం మొదలైంది. అమ్మినన్ని మళ్లీ కట్టలేదు. ఇంకోపక్క 1996 హౌసింగ్ చట్టం ప్రకారం ఇల్లు లేకుండా పోయిన కుటుంబాలకు నీడ చూపించడం కౌన్సిల్ బాధ్యత. 2025 నాటికి ఇంగ్లండ్‌లో 1,30,000కు పైగా కుటుంబాలు తాత్కాలిక వసతిలో ఉన్నాయి. హోటల్ గదుల్లో పిల్లలతో ఉంచితే కౌన్సిల్‌కి రాత్రికింత అని బిల్లు పడుతుంది. దాంతో పోలిస్తే మీ ఇంటిని లీజుకు తీసుకోవడం వాళ్లకు చవక. 2012 నవంబర్ నుంచి ప్రైవేటు ఇల్లు చూపించి ఆ బాధ్యత ముగించుకునే వీలు కూడా చట్టం ఇచ్చింది. అందుకే లండన్ చుట్టుపక్కల కౌన్సిళ్లు ఓనర్ల కోసం పోటీ పడుతుంటాయి. బేరం ఆడేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఎలాంటివాళ్లు వస్తారు? ఇల్లు పాడుచేస్తారని భయంగా ఉంది.

ఇల్లు లేకుండా పోవడానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి, అద్దెకున్న ఇంటిని ఓనర్ ఖాళీ చేయమనడం. అంటే వచ్చేవాళ్లలో చాలామంది మొన్నటిదాకా ఇంకొకరి ఇంట్లో మామూలుగా అద్దె కట్టినవాళ్లే. కేర్ హోమ్‌లోనో సూపర్‌మార్కెట్‌లోనో పనిచేస్తూ, జీతం చాలక యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ సాయం (బెనిఫిట్) తీసుకునేవాళ్లు ఉంటారు. అలాగని ఇబ్బందులు ఉండవని చెప్పలేం. మానసిక ఆరోగ్య సమస్యలు, కుటుంబ హింస నుంచి బయటపడిన పరిస్థితులు ఉండొచ్చు. వాళ్లకు సపోర్ట్ వర్కర్ ఉన్నారా, అవసరమైతే మీరు ఎవరికి ఫోన్ చేయాలి అని ముందే అడగండి. ఇక "బెనిఫిట్స్ వాళ్లకు ఇవ్వం" అని ప్రకటనలో పెట్టడం మాత్రం వద్దు. 2020లోనే యార్క్ కౌంటీ కోర్టు అలాంటి నిషేధం చట్టవిరుద్ధమంది. 2026 మే 1 నుంచి రెంటర్స్ రైట్స్ చట్టం కూడా బెనిఫిట్స్ తీసుకునేవాళ్లపైనా, పిల్లలున్నవాళ్లపైనా వివక్షను నేరుగా నిషేధిస్తోంది.

మార్కెట్ కన్నా తక్కువిస్తారట. మరి లాభం ఎక్కడ?

కాగితం మీద లెక్కేసి చూడండి. ఉదాహరణకి మార్కెట్ అద్దె నెలకు 1,500 పౌండ్లు అనుకుందాం. ఏడాదిలో ఒక నెల ఖాళీ పోయి, ఏజెంట్‌కు వ్యాట్‌తో కలిపి 12 శాతం ఇస్తే చేతికొచ్చేది 14,520. నెలకు 1,210 అన్నమాట. కౌన్సిల్ లీజులో ఖాళీ నెలలు, కమిషన్ లేకుండా 1,250 ఇస్తానంటే ఏడాదికి 15,000. ఇక్కడ కౌన్సిలే మేలు. అదే మీరు ఇంటికి పది నిమిషాల దూరంలో ఉండి, ఏజెంట్ లేకుండా, ఒక్క వారం కూడా ఖాళీ లేకుండా నడపగలిగితే కౌన్సిల్‌కివ్వడం నష్టమే. మా అభిప్రాయంలో లీజింగ్ ఊళ్లో లేనివాళ్లకు, తీరిక లేనివాళ్లకు సరిపోతుంది.

లీజు అద్దె ఎందుకంత బిగపట్టి ఇస్తారంటే, తాత్కాలిక వసతికి కేంద్ర ప్రభుత్వం కౌన్సిళ్లకు ఇచ్చే సబ్సిడీని చాలా ఏళ్లుగా 2011 జనవరి నాటి రేట్లలో 90 శాతానికి కట్టేసింది. పైన పడేది వాళ్ల సొంత బడ్జెట్‌లోంచి పోవాలి.

"కౌన్సిల్ గ్యారంటీడ్ రెంట్" అని ఒక కంపెనీ ఫోన్ చేసింది. నమ్మొచ్చా?

ఫోన్ చేసింది కౌన్సిల్ కాకపోవచ్చు. మీ దగ్గర తక్కువకు తీసుకుని కౌన్సిల్‌కో మరొకరికో ఎక్కువకు ఇచ్చే మధ్యవర్తి కంపెనీలు చాలా ఉన్నాయి. అందులో నిజాయితీగా నడిచేవీ ఉన్నాయి. కానీ అక్కడ గ్యారంటీ ఆ కంపెనీది, కౌన్సిల్‌ది కాదు. కంపెనీ మూతపడితే అద్దె ఆగిపోతుంది, లోపల ఎవరున్నారో మీకు తెలియదు. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఉన్న నంబర్‌కు మీరే ఫోన్ చేసి "ఈ కంపెనీ మీ తరఫున పనిచేస్తోందా?" అని అడగండి. సమాధానం ఈమెయిల్‌లో తీసుకోండి. ఆ కంపెనీ పంపిన కరపత్రంలోని నంబర్‌కు మాత్రం చేయకండి.

శరణార్థులకు ఇవ్వడం కూడా ఇదేనా?

కాదు. ఆశ్రయం కోరి వచ్చి నిర్ణయం కోసం ఎదురుచూస్తున్నవాళ్ల వసతి హోమ్ ఆఫీస్ చూస్తుంది. సెర్కో, మియర్స్, క్లియర్‌స్ప్రింగ్స్ అనే మూడు సంస్థలు ప్రాంతాలవారీగా ఆ కాంట్రాక్టులు నడుపుతున్నాయి. ఆ లీజు షరతులు వేరు, అందులో కౌన్సిల్ మీకు హామీదారు కాదు.

ఇల్లు కార్డిఫ్‌లోనో గ్లాస్గోలోనో ఉంటే?

చట్టాలే వేరు. వేల్స్‌లో ప్రభుత్వమే లీజింగ్ స్కీమ్ వేల్స్ అని నడుపుతోంది, లీజు కాలం ఐదు నుంచి ఇరవై ఏళ్లు. అక్కడ ఓనర్లు రెంట్ స్మార్ట్ వేల్స్‌లో నమోదు కావాలి. స్కాట్లండ్‌లో ఓనర్‌గా రిజిస్టర్ కాకుండా అద్దెకివ్వకూడదు. ఇంగ్లండ్ నియమాలు అక్కడ పెట్టి చూడకండి.

## ఇల్లు సిద్ధం చేసేటప్పుడు

మార్ట్‌గేజ్ ఉంది. బ్యాంకుకు చెప్పాలా?

తప్పకుండా. బై టు లెట్ (అద్దెకివ్వడానికే తీసుకునే) మార్ట్‌గేజ్ అయినా సరే, కొన్ని బ్యాంకులు కౌన్సిల్‌కు మూడేళ్ల లీజు అంటే ఒప్పుకోవు. మీరుండే ఇంటి మార్ట్‌గేజ్ మీదే నడుపుతుంటే ముందు అద్దెకిచ్చే అనుమతే తీసుకోవాలి. ఫ్లాట్ లీజ్‌హోల్డ్ అయితే ఫ్రీహోల్డర్ (బిల్డింగ్ అసలు యజమాని) అనుమతి కూడా అవసరం పడొచ్చు. మీ లీజు పత్రంలో సబ్‌లెట్ గురించి ఏముందో చదవండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా లోపల ఎవరు ఉండబోతున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. చెప్పకపోతే పైపు పగిలి సీలింగ్ కూలిన రోజు క్లెయిమ్ కొట్టేస్తారు. ఈ మూడు అనుమతులూ రాతపూర్వకంగా చేతికి రాకముందే కౌన్సిల్ కాగితాల మీద సంతకం పెట్టకండి.

ఏ సర్టిఫికెట్లు కావాలి?

గ్యాస్ ఉంటే గ్యాస్ సేఫ్ ఇంజనీర్ ఇచ్చే సేఫ్టీ రికార్డు, ఏడాదికోసారి. కరెంటు వైరింగ్‌కు ఈఐసీఆర్ రిపోర్టు, ఐదేళ్లకోసారి. ఇంటి ఇంధన సామర్థ్యం చెప్పే ఈపీసీ కనీసం E గ్రేడ్ ఉండాలి, అది పదేళ్లు చెల్లుతుంది. ప్రతి అంతస్తులో స్మోక్ అలారం ఉండాలి. గ్యాస్ బాయిలర్‌లాంటివి ఉన్న ప్రతి గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం 2022 అక్టోబర్ 1 నుంచి తప్పనిసరి. ఒక్క గ్యాస్ స్టవ్‌కు మాత్రం దీని నుంచి మినహాయింపు ఉంది. ఇవన్నీ మామూలు టెనెంట్‌కిచ్చినా కావలసినవే. కౌన్సిల్ కాగితం చూడనిదే తాళం తీసుకోదు, అంతే తేడా.

ఇన్‌స్పెక్షన్‌లో ఏం చూస్తారు?

2004 హౌసింగ్ చట్టం కింద 29 రకాల ప్రమాదాల జాబితా ఒకటుంది, దాన్ని మనసులో పెట్టుకునే ఇల్లు తిరుగుతారు. ఆచరణలో ఎక్కువ ఇళ్లు ఆగేది చిన్నచిన్న వాటి దగ్గరే. బాత్రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ దగ్గర టిష్యూ కాగితం పెట్టి గాలి లాగుతోందా లేదా చూస్తారు. పై అంతస్తు కిటికీ పిల్లాడు దూరేంత తెరుచుకుంటే రెస్ట్రిక్టర్ పెట్టమంటారు. మెట్లకు చేతిపట్టు వదులైతే రాసుకుంటారు. బీరువా వెనక గోడ మీద చెయ్యి పెట్టి చెమ్మ చూస్తారు. లోపలి నుంచి తాళంచెవి లేకుండా మెయిన్ డోర్ తెరుచుకోవాలి, నిప్పంటుకుంటే తాళంచెవి కోసం వెతుక్కునే టైమ్ ఉండదు. ముందు రోజు కొత్త పెయింట్ వేసి చెమ్మ మరక కప్పేయడం చాలామంది చేసే పని. ఆ ఆఫీసర్లు రోజూ చూసేది అదే, పెయింట్ వాసనకే అర్థమైపోతుంది.

కౌన్సిల్‌కే ఇస్తున్నాం కదా, లైసెన్స్ ఎందుకు?

హౌసింగ్ స్కీమ్ చూసే విభాగం వేరు, లైసెన్సులు చూసే విభాగం వేరు. వేర్వేరు కుటుంబాలకు చెందిన ఐదుగురు, అంతకన్నా ఎక్కువమంది వంటగదో బాత్రూమో పంచుకుంటే హెచ్ఎంఓ (పలు కుటుంబాలవాళ్లు పంచుకునే ఇల్లు) లైసెన్స్ దేశమంతా తప్పనిసరి. కొన్ని ప్రాంతాల్లో ఒక్క కుటుంబానికిచ్చినా సెలెక్టివ్ లైసెన్స్ అడుగుతారు. లండన్‌లోని న్యూహామ్ కౌన్సిల్ 2013లోనే దాదాపు తన ప్రాంతమంతటికీ అది పెట్టింది. లీజింగ్‌లో కొన్ని సందర్భాలకు మినహాయింపు దొరుకుతుంది. మీ ఇంటికి వర్తిస్తుందా లేదా లైసెన్సింగ్ విభాగాన్నే అడిగి ఈమెయిల్ దాచుకోండి.

టెనెంట్‌ని నేను ఎంచుకోవచ్చా?

లీజింగ్‌లో లేదు, ఎవరిని పెట్టాలన్నది కౌన్సిల్ ఇష్టం. డైరెక్ట్ లెట్‌లో కుటుంబాన్ని కలిసి మాట్లాడి, నచ్చితేనే ఒప్పుకోవచ్చు. జాతి, మతం, వైకల్యం చూసి కాదనడం మాత్రం నేరుగా చట్టాన్ని ఉల్లంఘించడమే. "మనవాళ్లయితేనే ఇస్తాం", "వెజిటేరియన్స్ ఓన్లీ" అని పెట్టి చిక్కుల్లో పడకండి.

## అద్దె, డబ్బు

ఎల్‌హెచ్‌ఏ అంటే ఏంటి? నా ఇంటికి ఎంత వస్తుంది?

లోకల్ హౌసింగ్ అలవెన్స్. అద్దె కోసం ప్రభుత్వం ఇచ్చే సాయానికి ప్రాంతాలవారీగా ఉన్న గరిష్ఠ పరిమితి అది. ఆ ప్రాంతంలో వంద ఇళ్లను అద్దె తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పెడితే ముప్పయ్యో ఇంటి అద్దె దగ్గర రేటు పెట్టాలన్నది సూత్రం. కానీ 2020 తర్వాత నాలుగేళ్లు కదపలేదు. 2024 ఏప్రిల్‌లో పెంచారు, 2025 ఏప్రిల్‌లో మళ్లీ ఆపేశారు. అందుకే రేటుకూ బయటి అద్దెకూ పొంతన కుదరదు.

రేటు మీ ఇంట్లో ఎన్ని గదులున్నాయనే దాన్ని బట్టి కాదు, వచ్చే కుటుంబానికి ఎన్ని గదులు అవసరమనే దాన్ని బట్టి. పదహారు దాటిన ప్రతి ఒక్కరికీ ఒక గది, జంటకు ఒకటి. పదహారులోపు ఆడపిల్లలిద్దరైనా మగపిల్లలిద్దరైనా ఒకే గది. పదేళ్లలోపు ఇద్దరు పిల్లలైతే అమ్మాయి, అబ్బాయి అయినా ఒకే గది. భార్యాభర్తలు, 8, 12 ఏళ్ల ఇద్దరు ఆడపిల్లలు మీ మూడు గదుల ఇంటికొస్తే రెండు గదుల రేటే వస్తుంది. అదే అబ్బాయికి 11, అమ్మాయికి 9 అయితే మూడు గదుల రేటు. నాలుగు గదులే గరిష్ఠం. ముప్పై ఐదేళ్లలోపు ఒంటరి వ్యక్తికి సాధారణంగా షేరింగ్ గది రేటే ఇస్తారు. మీ పోస్ట్‌కోడ్ కొడితే రేటు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది.

రేటు సరిపోయినా అద్దె పూర్తిగా రాదంటున్నారు. ఎందుకు?

బెనిఫిట్ క్యాప్ వల్ల. పనిచేసే వయసు కుటుంబానికి అన్ని సాయాలూ కలిపి ఏడాదికి లండన్‌లో 25,323 పౌండ్లు, బయట 22,020 పౌండ్లు దాటకూడదు. 2023 ఏప్రిల్ నుంచి ఉన్న అంకెలివి. పిల్లలు ఎక్కువైన కుటుంబానికి ఈ గోడ తగిలి అద్దె భాగమే కోతపడుతుంది. కొంత మేర సంపాదన ఉన్నవాళ్లకు, కొన్ని వైకల్య భత్యాలు అందుకునే కుటుంబాలకు క్యాప్ వర్తించదు. డైరెక్ట్ లెట్ అయితే "ఈ కుటుంబానికి క్యాప్ ఉందా, ఉంటే లోటు ఎవరు పూడుస్తారు?" అని సంతకానికి ముందే అడగండి.

యూనివర్సల్ క్రెడిట్ అద్దె నేరుగా నా ఖాతాలో పడుతుందా?

మామూలుగా పడదు. డబ్బు టెనెంట్ ఖాతాలోకే వెళ్తుంది, ఆయన మీకు కట్టాలి. కొత్తగా అప్లై చేసినవాళ్లకు మొదటి చెల్లింపుకు ఐదు వారాలు పడుతుంది, కాబట్టి మొదటి నెల గురించి కౌన్సిల్‌తో ముందే తేల్చుకోవాలి. రెండు నెలల బకాయి అయితే మీరే ఆన్‌లైన్‌లో నేరుగా చెల్లించమని దరఖాస్తు చేసుకోవచ్చు. టెనెంట్‌కు డబ్బు నిర్వహణలో ఇబ్బంది ఉందని తేలితే బకాయి పడకముందే ఆ ఏర్పాటు అడగొచ్చు. కౌన్సిల్ లీజులో మాత్రం మీకు ఈ గొడవ ఉండదు, టెనెంట్ కట్టినా కట్టకపోయినా కౌన్సిల్ ఇచ్చి తీరాలి.

డిపాజిట్ ఎవరిస్తారు?

డైరెక్ట్ లెట్‌లో చాలా కౌన్సిళ్లు డబ్బు కాకుండా బాండ్ ఇస్తాయి. అది కాగితం హామీ. నష్టం జరిగితే క్లెయిమ్ చేసుకోవాలి, దానికో పరిమితీ ఒక గడువూ ఉంటాయి. బాండ్ ఎన్ని నెలలు చెల్లుతుంది, అద్దె బకాయికి కూడా వర్తిస్తుందా అనే రెండు లైన్లు వెతికి చదవండి. నగదు డిపాజిట్ తీసుకుంటే ఐదు వారాల అద్దె మించకూడదు. దాన్ని 30 రోజుల్లోపు గుర్తింపు ఉన్న డిపాజిట్ రక్షణ స్కీమ్‌లో పెట్టాలి.

ప్రోత్సాహక డబ్బు ఇచ్చారు. దాని మీద పన్నుంటుందా?

అది కూడా అద్దె వ్యాపారంలో వచ్చిన ఆదాయమే అనుకుని లెక్కలో చూపండి. కుటుంబం కొద్ది నెలల్లోనే వెళ్లిపోతే కొంత తిరిగివ్వాలనే షరతు ఉంటుందేమో కూడా చూసుకోండి.

నేను హైదరాబాద్ వచ్చేశాను. అద్దెలో 20 శాతం కట్ చేస్తున్నారు, ఎందుకు?

ఆరు నెలలకు మించి యూకే బయట ఉండేవాళ్లు నాన్ రెసిడెంట్ ల్యాండ్‌లార్డ్ కిందికి వస్తారు. అద్దె ఇచ్చేవాళ్లు, అది ఏజెంట్ అయినా కౌన్సిల్ అయినా, 20 శాతం పట్టుకుని యూకే పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీకి కట్టాలి. ఎన్ఆర్ఎల్1 ఫారం పెట్టి అనుమతి తెచ్చుకుంటే కోత లేకుండా పూర్తిగా ఇస్తారు. అది పన్ను మాఫీ కాదు, సెల్ఫ్ అసెస్‌మెంట్ రిటర్న్ మీరు ఎలాగూ వేయాలి. విమానం ఎక్కకముందే ఈ ఫారం పెట్టుకోవడం మంచిది.

ఇండియాలో మీరు పూర్తి రెసిడెంట్ అయ్యాక ఈ అద్దె అక్కడి రిటర్న్‌లోనూ చూపాలి, ఇల్లు విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో రాయాలి. రెండు దేశాల ఒప్పందం వల్ల యూకేలో కట్టిన పన్నుకు క్రెడిట్ దొరుకుతుంది. తిరిగొచ్చిన మొదటి రెండు మూడేళ్లు చాలామందికి ఆర్ఎన్ఓఆర్ (రెసిడెంట్ బట్ నాట్ ఆర్డినరిలీ రెసిడెంట్) హోదా ఉంటుంది, అప్పుడు విదేశీ అద్దెకు ఇండియాలో సాధారణంగా పన్ను పడదు. రెండు దేశాల పద్ధతీ తెలిసిన అకౌంటెంట్‌కిచ్చే ఫీజు ఇక్కడ వృథా కాదు.

## టెనెంట్ ఉన్నప్పుడు

బాయిలర్ పాడైతే ఎవరు బాగుచేయాలి?

డైరెక్ట్ లెట్‌లో మీరే. పైకప్పు, గోడలు, పైపులు, వేడినీళ్లు, హీటింగ్ ఓనర్ బాధ్యతే అని 1985 ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం చెబుతుంది. లీజింగ్‌లో సాధారణంగా పెద్ద రిపేర్లు మీవి, ట్యాపు కారడంలాంటి చిన్నవి కౌన్సిల్‌వి. తేడా వచ్చేది "అత్యవసర రిపేర్ కౌన్సిలే చేయించి అద్దెలో పట్టుకుంటుంది" అనే క్లాజు దగ్గర. మీరు హైదరాబాద్‌లో నిద్రపోతున్నప్పుడు ఇక్కడ ప్లంబర్ వచ్చి వెళ్తాడు, బిల్లు మీకొస్తుంది. ఎంత మొత్తం దాటితే మీ అనుమతి అడగాలో ఆ క్లాజులోనే అంకె రాయించుకోండి.

అద్దె పెంచొచ్చా?

డైరెక్ట్ లెట్‌లో 2026 మే 1 నుంచి ఏడాదికి ఒక్కసారే, సెక్షన్ 13 అనే అద్దె పెంపు నోటీసుతో, రెండు నెలల ముందు చెప్పి. ఎక్కువనిపిస్తే టెనెంట్ ట్రైబ్యునల్‌కు వెళ్లొచ్చు. లీజింగ్‌లో అగ్రిమెంట్‌లో ఏముంటే అదే. ఐదేళ్ల లీజులో పెంపు లైను లేకుండా సంతకం పెడితే ఐదేళ్లూ అదే అద్దె.

డైరెక్ట్ లెట్ టెనెంట్ అద్దె కట్టడం లేదు. ఏం చేయాలి?

మొదట కౌన్సిల్‌లో మీకు కుదిర్చిన ఆఫీసర్‌కు ఈమెయిల్ చేయండి. ఆ కుటుంబం మళ్లీ వాళ్ల తలుపు తట్టడం వాళ్లకూ ఇష్టం ఉండదు, కాబట్టి మొదటి నెలల్లో సాయం చేస్తారు. నేరుగా చెల్లించే ఏర్పాటుకు దరఖాస్తు పెట్టండి. కోర్టు దాకా వెళ్లాల్సి వస్తే, 2026 మే 1 తర్వాత తప్పనిసరి బకాయి గ్రౌండ్‌కు (రుజువైతే కోర్టు ఖాళీ చేయమని చెప్పి తీరాల్సిన కారణం) మూడు నెలల అద్దె బాకీ ఉండాలి, నాలుగు వారాల నోటీసు ఇవ్వాలి. యూనివర్సల్ క్రెడిట్ ఇంకా రాకపోవడం వల్ల ఆగిన మొత్తాన్ని అందులో లెక్కలోకి తీసుకోరు.

## ఇల్లు తిరిగి తీసుకునేటప్పుడు

మేము మళ్లీ యూకే వచ్చి మా ఇంట్లోనే ఉండాలనుకుంటున్నాం. ఖాళీ చేయించొచ్చా?

డైరెక్ట్ లెట్ అయితే కారణం చెప్పకుండా ఖాళీ చేయించే సెక్షన్ 21 నోటీసు 2026 మే 1తో పోయింది. మీరో మీ దగ్గరి కుటుంబసభ్యులో ఉండటానికి, లేదా అమ్మడానికి అయితే కారణం చూపించే సెక్షన్ 8 నోటీసు కింద అడగొచ్చు. టెనెన్సీ మొదలైన ఏడాదిలోపు కుదరదు, నాలుగు నెలల నోటీసు కావాలి. ఆ కారణంతో తీసుకున్నాక పన్నెండు నెలలు మళ్లీ అద్దెకివ్వకూడదు. నోటీసు అయ్యాక కూడా టెనెంట్ కదలకపోతే కోర్టు ఆర్డర్, ఆ తర్వాత బెయిలిఫ్ (ఖాళీ చేయించే కోర్టు అధికారి). పిల్లల స్కూల్ అడ్మిషన్ తేదీని బట్టి టికెట్లు బుక్ చేసుకునేవాళ్లు ఆ మధ్య నెలలకు వేరే వసతి చూసుకోవాల్సిందే.

కోర్టుకెళ్లేదాకా కదలొద్దని కౌన్సిలే టెనెంట్‌కి చెప్పిందట. ఇదేం న్యాయం?

ఓనర్లకు ఒళ్లు మండే విషయం ఇదే, అందులో అన్యాయం లేదనలేం. ముందే ఇల్లు వదిలేస్తే తనంతట తాను నీడ పోగొట్టుకున్నట్టు లెక్కేస్తారేమో అని టెనెంట్‌కు భయం. ఇవ్వడానికి ఇల్లు లేదని కౌన్సిల్‌కు ఇబ్బంది. బెయిలిఫ్ తేదీదాకా ఆగమని చెప్పడాన్ని ప్రభుత్వ మార్గదర్శకాలు సమర్థించవు, అయినా జరుగుతూనే ఉంది. నోటీసు ఇచ్చిన రోజే హౌసింగ్ విభాగానికి కాపీ పంపండి. 2017 హోమ్‌లెస్‌నెస్ రిడక్షన్ చట్టం ప్రకారం 56 రోజుల్లో ఇల్లు పోయే ప్రమాదం ఉన్నవాళ్లకు కౌన్సిల్ ముందుగానే సాయం మొదలుపెట్టాలి. ఆ కాపీ ఫైల్లో ఉంటే "మాకు తెలియదు" అనడానికి ఉండదు.

కౌన్సిల్ లీజు గడువు అయిపోయింది, లోపలివాళ్లు ఇంకా ఉన్నారు. అద్దె వస్తుందా?

మంచి లీజులో, ఇల్లు ఖాళీగా అప్పగించేదాకా అద్దె కడతామని ఉంటుంది. ఏ రేటు, ఎన్ని వారాల్లో అప్పగిస్తారు, ఆలస్యమైతే ఏం చేస్తారు అనేవి రాసి ఉండాలి. ఆలస్యం మామూలే, ఎందుకంటే ఆ కుటుంబానికి ఇంకో ఇల్లు దొరకాలి. అమ్మకానికి బయానా తీసుకునేవాళ్లు లీజు చివరి తేదీని నమ్మి కొనేవాళ్లకు మాట ఇవ్వకండి, తాళాలు చేతికొచ్చాకే ఇవ్వండి. మధ్యలో అమ్మాల్సి రావచ్చు అనుకుంటే బ్రేక్ క్లాజు మొదట్లోనే అడగాలి. చాలా లీజుల్లో ఆ వెసులుబాటు కౌన్సిల్ వైపే ఉంటుంది.

ఇల్లు పాడైతే ఎవరు కట్టాలి?

వాడకంలో అరిగినవాటికి ఎవరూ కట్టరు. ఐదేళ్ల తర్వాత కార్పెట్ నలగడం, గోడ మాసిపోవడం మామూలు వాడకం కిందే పోతాయి. తలుపుకు చిల్లు, విరిగిన సింకు, మాయమైన ఫ్రిజ్ లాంటివే అడగ్గలం, అదీ మొదట్లో అవి బాగున్నాయని చూపించగలిగితేనే. తాళాలు ఇచ్చేరోజు తేదీతో ఫొటోలు, వీడియో తీయండి. ఒవెన్ లోపల, ఫ్రిజ్ అరలు, కార్పెట్ మూలలు, కిచెన్ సింకు కింద పైపులు, మీటర్ రీడింగులు అన్నీ పడాలి. రెండు వైపులా సంతకం చేసిన ఇన్వెంటరీ కాపీ మీ దగ్గర ఒకటి ఉండాలి. తిరిగి తీసుకునేరోజు మీరు రాలేకపోతే, ఆ కాపీ చేతికిచ్చి నమ్మకమైన మనిషిని పంపండి. తాళాలు అందినట్టు ఆయన సంతకం పెట్టేముందు ఆ ఇన్వెంటరీతో గది గదీ తిరిగి, తేడాలన్నీ కౌన్సిల్ మనిషి ముందే రాయించాలి.